మూడో సాక్షి

"నా భర్త పేరు నవీన్... నా భర్త పేరు నవీన్..."

అరుగు మీద బీడీలు చుడుతూ తోడికోడలు శైలజ ఆ మాటే వల్లె వేస్తుంటే, వంటింట్లో కల్పన చేతిలో గరిటె ఆగిపోయింది. నవీన్ కల్పన భర్త! శైలజ భర్త రాజనర్సు, నవీన్‌కు అన్న. తొమ్మిదేళ్ళ కాపురంలో కల్పన ఒక్కనాడూ భర్త పేరు నోట పలకలేదు. ఆ ఇంటి ఆడవాళ్ళెవరూ పలకరు. అక్క మాత్రం పరీక్షకు చదివినట్టు చదువుతోంది...

తప్పు పన్నెండేళ్ళ కిందటిది. పదో తరగతి తప్పిన రాజనర్సు, పాసైన తమ్ముడి మెమోతో, తమ్ముడి పేరుతోనే పాస్‌పోర్టు తీసి దుబాయి పోయాడు. అక్కడ అతనే నవీన్. ఇప్పుడు కంపెనీ భార్యను తెచ్చుకొమ్మంది. అందుకు పెళ్ళి సర్టిఫికెట్ కావాలి. దాని మీద హైదరాబాదులో ఒక ముద్ర, ఢిల్లీలో ఒకటి, ఎంబసీలో ఒకటి పడాలి. భర్త పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. అంటే శైలజ నవీన్ భార్య! మరి కల్పన ఎవరు? ఆమె పెళ్ళి ఇంతవరకు ఏ ఆఫీసులోనూ రాయించలేదు. ఇక రాయించే దారీ ఉండదు.

"కాగితం మీదనే గదా" అన్నాడు నవీన్. ఆ తేలిక మాటకే ఆమె ఒళ్ళు మండిపోయింది.

సెలవు మీద వచ్చిన రాజనర్సు అందరినీ కోరుట్ల రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకెళ్ళాడు. ఒకే పేరున్న ఇద్దరు లోపలికి వస్తే పని చెడుతుందని నవీన్‌ను గేటు బయటే ఉంచారు. పెళ్ళికి ముగ్గురు సాక్షులు సంతకం పెట్టాలి. తీరా చూస్తే, వస్తానన్న మూడో సాక్షి రాలేదు.

"నువ్వే పెట్టాలె బిడ్డా సంతకం" అన్నాడు రాజనర్సు కల్పనతో.

గుమాస్తా శైలజను భర్త పేరు అడిగాడు. "నవీన్" అంది శైలజ, కొంచెం కూడా తడబడకుండా. ఆ క్షణాన అక్కను జుట్టు పట్టి ఈడ్వాలనిపించింది కల్పనకు! కొంగు నోట్లో కుక్కుకొని వరండాలోకి వచ్చేసింది. శైలజ వెంటే వచ్చింది.

"నేను పెట్టనక్కా. నా మొగని పేరు నీకిచ్చి నేనేం గావాలె?"

శైలజ గొంతు తగ్గించి అంది.

"పన్నెండేండ్లల ఆయనతోని నేనున్నది ఏడు నెలలు. రోజు పొద్దుమీకితె నీ మొగడు ఇంటికస్తడు. నువ్వు అన్నం పెడుతవు, ఇద్దరు నవ్వుకుంటరు. నడుమ గోడనే గదనే... అన్నీ ఇనవడుతయి. నాకు కడుపు మండలేదనుకున్నవా? నీ పిల్లలకు జరమచ్చిననాడు, ఇయ్యాల వీళ్ళు నవ్వుకోరని సంబురపడ్డ. గంత పాపిష్టిదాన్ని."

కల్పన నిర్ఘాంతపోయింది. ఆ మంట ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు... తనకు నెల రోజులుగా ఉన్నది, అక్కకు తొమ్మిదేళ్ళుగా ఉంది! కళ్ళు తుడుచుకొని లోపలికి నడిచింది.

"పెండ్లయింది గదమ్మా, నీ భర్త పేరు?" గుమాస్తా ఆమె మెట్టెల వైపు చూశాడు.

"మా ఇండ్లల్ల మొగని పేరు చెప్పద్దు సారు. ఆధార్‌ల మా నాయన పేరున్నది, రాజమౌళి. అదే రాసుకోండ్రి."

"మరి గామె చెప్పింది గదా?"

"ఆమె దుబాయి పోతది సారు."

గుమాస్తా నవ్వి రాసుకున్నాడు. వీరిద్దరూ భార్యాభర్తలని నాకు తెలుసు, అని ఉన్నచోట కల్పన సంతకం చేసింది. శైలజ తల ఎత్తలేకపోయింది.

గేటు బయట బండి మీదున్న నవీన్, "అయిపోయిందా?" అని అడిగాడు.

"అయింది. అక్కతోని నీకు పెండ్లయింది."

నవీన్ తల వంచుకున్నాడు. కల్పన బండెక్కి, నలుగురిలో ఎన్నడూ లేనిది, అతని నడుము చుట్టూ గట్టిగా చేయి వేసింది. మెట్ల మీద నుంచి అక్క చూస్తోందని తెలిసే వేసింది.