తెడ్డు మీది పిట్ట

చనిపోయిన మామగారి తెడ్డుకి పట్టిన నాచు గీకుతుంటే నూకరత్నం చేతికింద బొమ్మలు తేలాయి. ఒక గుహ, అందులో పెట్టె. పెట్టె పైన చిన్న పిట్ట, దాని కిందే డాల్ఫిన్.

"షావుకారెవరో యుద్ధం రోజుల్లో దాచిన బంగారమే! అయ్య చూసొచ్చాడే!" అన్నాడు ఆమె మొగుడు ఎర్రయ్య.

"చూసినోడు తేలేదేం మావా? పిట్టకీ డాల్ఫిన్‌కీ పొత్తేటి?"

బొమ్మలోని గుహ ఏదో పోల్చుకున్న ఎర్రయ్య అప్పటికే పడవ తోసేశాడు.

అండమాన్ మడ అడవి దాటాక కొండ నోరు తెరుచుకుని ఉంది. నీరు తీసిన వేళ కావడంతో మోకాలి లోతులో లోపలికి నడిచారు. టిక్. టిక్ టిక్. ఎవరో గోటితో రాయిని మీటుతున్నట్టు చప్పుడు.

"ఎవరది?" ఎర్రయ్య కేకేశాడు. గుహ అదే మాట సన్నటి ఆడగొంతుతో తిరిగి అడిగింది.

లాంతరు ఎత్తితే కప్పు నిండా తెల్లటి గూళ్లు. ఎక్కడోగానీ కనబడని గుహపిట్టలు. వాటి కింద పెట్టె. దాని పిడిని పట్టుకుని ఎముకల చెయ్యి.

నూకరత్నం వెనక్కి తగ్గింది. ఎర్రయ్య ఆ చెయ్యి విదిలించి మూత ఎత్తాడు. బంగారం! పిట్టలు మొహం మీద ముసిరాయి. వలల దగ్గర డాల్ఫిన్లని బెదరగొట్టే రేకుడబ్బా నడుముకే ఉంది. తీసి కత్తితో టంగుటంగున బాదాడు. పిట్టలు దారి తప్పి గోడలకు కొట్టుకున్నాయి. ఒకటి లాంతరుకి తగిలింది. లాంతరు నీళ్లలో పడి ఆరిపోయింది.

చీకటి. ఈలోగా సముద్రం పోటెక్కి, వాళ్లు వచ్చిన దారి మునిగింది. నీళ్లు నడుం దాటాయి.

"ఇంటికాడ పిల్ల ఒక్కతే ఉంది మావా! డబ్బా ఆపు! మాటాడకు!"

నిశ్శబ్దం. టిక్... టిక్...

ఈ చప్పుడు ఆమెకి తెలుసు. నీట ముంచిన తెడ్డుకి చెవి ఆనించి వినడం మామగారే నేర్పారు. డాల్ఫిన్ ఇలాగే టిక్కుమంటూ, తిరిగొచ్చే చప్పుడుతో దారి చూసుకుంటుందని చెప్పారు. ఈ పిట్టా అంతే!

"టిక్కులన్నీ కుడిపక్క పైకెళ్లి ఆగిపోతన్నాయి. చప్పుడు అక్కర్లేదంటే అక్కడ వెలుతురుంది. ఎక్కు!"

"పెట్టె బరువే..."

"వదులు!"

"వదల్ను!"

"ఆ చెయ్యి కూడా వదల్లేదు మావా!"

పెట్టె పడి దభేలుమంది నీరు. రాళ్లు పట్టుకుని పాకారు. మలుపు తిరగ్గానే మనిషి దూరేంత సందులోంచి ఎండ మొహాన కొట్టింది. కింద చీకట్లో ఆడగొంతు ఇంకా "వదులు... వదులు..." అంటూనే ఉంది.

ఆ వారమే వల చుట్టూ డాల్ఫిన్లు చేరాయి. ఎర్రయ్య అలవాటుగా డబ్బా అందుకుని ఆగిపోయాడు.

"కొట్టవేటి? చేపలన్నీ మింగేస్తాయి," అంది నూకరత్నం.

"మింగనీయే. దారి చూసుకోవద్దా అవి?" అని తెడ్డు నీట ముంచి, చెవి ఆనించాడు.