మరలో నలగని ఇసుక

ఉదయం ఎనిమిదింటికి హాస్టల్ వార్డెన్ రొట్టె కొరికాడు. పన్ను విరిగింది. పిండిలో ఇసుక.

మధ్యాహ్నానికి ఆ పిండి పంపిన మిల్లులో ఇన్‌స్పెక్టర్ దిగాడు. బయట సన్నకారు రైతులు ధాన్యం దించకుండా బళ్ల దగ్గరే నిలబడ్డారు. వాళ్ల పంట న్యాయమైన ధరకు కొని, పిండి పట్టి అమ్ముదామని ఓనరమ్మ పెట్టిన మిల్లు అది. కల్తీ రైతులదని తేలితే మిల్లుకు సీలు పడుతుంది. రైతులు మళ్లీ దళారి గడప తొక్కాలి.

అందరికంటే ముందు ఓనరమ్మ బావగారు నోరు విప్పాడు. ముక్కు మీద ఈగ వాలితే తోలడానికి పెళ్లాన్ని కేకేస్తాడని ఆయనకు పేరు.

“దీనికి ఎంక్వయిరీ ఎందుకు సార్? తూకానికి ఇసుక కలపడం ఈ జనానికి వెన్నతో పెట్టిన విద్య.”

బళ్ల దగ్గరున్న ముసలి రైతు ఒకడు ఆయన్ని ఎగాదిగా చూశాడు.

ఇన్‌స్పెక్టర్ పిండి జల్లించాడు. మిగిలిన ఇసుకను భూతద్దంతో చూశాడు.

“మర ఆడించిందెవరమ్మా?” ఓనరమ్మను అడిగాడు.

“నేనే సార్.”

“ఆ తర్వాత?”

“పిండి వేడిగా ఉంటుంది. అప్పుడే మూతి కుడితే ముద్ద కడుతుంది. బస్తాలు తెరిచిపెట్టి చల్లారబెడతాం.”

“కుట్టిందెవరు?”

“బావగారు. అలసిపోయావు, ఇంటికి పొమ్మన్నారు. ఎంత మారిపోయారో అనుకున్నాం.”

ఇన్‌స్పెక్టర్ బావగారి వైపు తిరిగాడు.

“ధాన్యంలోనే ఇసుక ఉంటే మరరాళ్ల మధ్య అదీ పిండి కావాలి. గింజ మెత్తగా నలిగింది. ఇసుక మాత్రం ఏటి ఒడ్డున ఉన్నట్టే ఉంది. దాన్ని వదిలెయ్యమని మరకు ఎవరైనా సిఫార్సు చేశారా?”

“నాకేం తెలుసు?”

“పుట్టి బుద్ధెరిగాక పుల్ల విరవని మనిషి ఆ పూటే దబ్బనం పట్టాడు. అనుమానించాల్సిన చోట అందరూ మెచ్చుకున్నారు. దళారి ఏమిస్తానన్నాడు?”

బావగారు చొక్కా సర్దుకున్నాడు. “వాళ్ల గోడౌన్లో మేనేజర్ పోస్టు. తిరిగే కుర్చీ.”

“ఇంతమంది కడుపు కొట్టి కుర్చీయా? కనీసం సోఫా అడగాల్సింది. మిల్లుకు సీలు అక్కర్లేదు, నువ్వు జీపెక్కు.”

ఓనరమ్మ బళ్ల దగ్గరికి నడిచింది.

“తప్పు మా ఇంట్లోదే పెద్దయ్యా. ధాన్యం తీసుకుపోతామంటే అడ్డు చెప్పను.”

ముసలి రైతు తుండు దులిపి భుజాన వేసుకున్నాడు.

“ఎక్కడికి తీసుకుపోతామమ్మా? ఇసుకైనా పనికొస్తుంది, గోడ కట్టుకోవచ్చు. మీ బావ దేనికీ పనికిరాడు, వాడి కోసం మిల్లు వదులుకుంటామా?” బండి వైపు తిరిగాడు. “దించండ్రా. ఈసారి బస్తాలు మేమే కుడతాం.”