వేడినీళ్ళలో కరిగే బిళ్ళలు

ఆఫీసు నుంచి ఆకలితో వచ్చిన రిషి ఫ్రిజ్ తెరిచాడు. పాల ప్యాకెట్ల పక్కన చిన్న ఇడ్లీ రేకుల్లో తెల్లటి బిళ్ళలు. ఒక్కోదాని మీద ఒక్కో గులాబీ రేకు.

'అమ్మ కొబ్బరి బర్ఫీ చేసిందన్నమాట' అనుకుని ఒకటి నోట్లో వేసుకున్నాడు. రెండుసార్లు నమిలాడో లేదో, నోరంతా నురగ!

"అమ్మా! ఏంటివి?"

మంగతాయారు వంటింట్లోంచి తొంగి చూసింది. "అయ్యో, అవి కింద పోర్షన్‌లో కొత్తగా దిగినవాళ్ళ అమ్మాయివిరా! వాళ్ళ ఫ్రిజ్ పాడైందని ఇక్కడ పెట్టుకుంది."

రిషి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మెట్లు దిగి, కింది తలుపు కొట్టాడు. నర్సు యూనిఫాంలో ఉన్న అమ్మాయి తలుపు తీసింది.

"సారీ అండి. మీ స్వీటు ఒకటి తినేశాను. కానీ అది..."

ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "తిన్నరా? అది స్వీట్ గాదు! కాళ్ళకి!"

"కాళ్ళకా?"

"వేడినీళ్ళల్ల ఏసి కాళ్ళు నానవెట్టుకునేది. ఫుట్ మెల్ట్! మింగిన్రా?"

"సగం."

చెయ్యి పట్టుకుని సింకు దగ్గరికి లాక్కుపోయింది. పుక్కిలించమంది. రెండు గ్లాసుల నీళ్ళు తాగించింది. ఆమె పేరు దోర్కా. ఉప్పల్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు.

"ఏం వేశారు అందులో?"

"కోకో బటర్, తినే సోడా, నిమ్మ ఉప్పు, రెండు సుక్కలు నీలగిరి తైలం. ఫికర్ జెయ్యకుండ్రి, ఏం గాదు." నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. "జర ఎప్సమ్ సాల్ట్ కూడా ఉంది. రేపు పొద్దుగాల బాత్రూంకి దూరం వోకుండ్రి, గంతే."

రిషి కూడా నవ్వాడు. అంతలోనే ఆమె ముఖం వాడిపోయింది. "సరిగ్గ ఇరవై రెండే జేసిన. ఇప్పుడు ఒకటి తక్కువైంది. కోకో బటర్ గూడ అయిపోయింది."

దోర్కా వాళ్ళమ్మ పాపమ్మ మల్లాపూర్‌లో ఒక మందుల కంపెనీలో ఇరవై ఏళ్ళుగా నిలబడి మాత్రలు ప్యాకింగ్ చేస్తోంది. శుక్రవారం ఆమెకు ఆఖరి రోజు. ఇన్నాళ్ళూ పక్కన నిలబడి పనిచేసిన పదకొండు మందికీ తలా రెండు బిళ్ళలు ఇవ్వాలని దోర్కా ఆశ.

"చీరలు పెట్టొచ్చు కదా?" అన్నాడు రిషి.

"చీర పెడితే బీరువల దాస్తరు. ఇదైతే ఒక్క దినమన్న కూసుంటరు."

ఆ మాట రిషికి నచ్చింది. ఆ మాట అన్న అమ్మాయి ఇంకా నచ్చింది.

మర్నాడు ఉప్పల్‌లో కేకు సామాన్ల దుకాణం వెతికి కోకో బటర్ కొన్నాడు. బండి మీద నాచారంలో ఇంటికి చేరేసరికి వాన. నిలువునా తడిసి దోర్కా వంటింట్లో నిలబడ్డాడు.

"ఆడనే ఉండుండ్రి! సోడా, నిమ్మ ఉప్పు కలిపిన గిన్నెల ఒక్క నీళ్ళసుక్క వడ్డా..."

అతని జుట్టు నుంచి జారిన చుక్క గిన్నెలో పడింది. బుస్సుమని పొంగింది.

"నన్ను చూసి పొంగిపోయింది," అన్నాడు రిషి.

"నేను మాత్రం పొంగను. తల తుడుసుకోండ్రి." టవల్ విసిరి అటు తిరిగింది. నవ్వుతోందని ఆమె భుజాలే చెప్పాయి.

ఇద్దరూ కలిసి నాలుగు బిళ్ళలు పోశారు. అతను తురిమిన ముక్కలు మరీ లావుగా ఉన్నాయని దోర్కా మూడుసార్లు తిట్టింది. మూడోసారి తిట్టినప్పుడు 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

గురువారం సాయంత్రం బిళ్ళలు చూద్దామని దోర్కా మేడెక్కింది. లోపల మంగతాయారు చెల్లెలితో ఫోన్‌లో అంటోంది. "కాళ్ళకి వాడేవి తెచ్చి పాల పక్కన పెడితే ఊరుకున్నాను చూడు, నాదే బుద్ధి తక్కువ! మావాడేమో ఇప్పుడు వాళ్ళింట్లోనే ఉంటున్నాడు."

దోర్కా లోపలికి వెళ్ళి, రేకులన్నీ తీసుకుని, "థాంక్స్ ఆంటీ" అని దిగిపోయింది. రిషి ఫోన్ చేస్తే ఎత్తలేదు. రేకులు ఎందుకు పట్టుకెళ్ళిందని అతను అమ్మని గుచ్చి గుచ్చి అడిగితే, ఫోన్‌లో అన్న మాట బయటపడింది.

శుక్రవారం తెల్లవారాక రిషి కింది తలుపు కొట్టాడు. చేతిలో థర్మాకోల్ డబ్బా, నిండా ఐసు. దోర్కా వెనుక బల్ల మీద బిళ్ళలు అంచులు కరిగి జిడ్డుగా మెరుస్తున్నాయి.

"ఎందుకొచ్చినవ్? మీ అమ్మకి నచ్చదు."

"అమ్మ మాట అమ్మది. రాత్రి తనతో మాట్లాడాను. నాకేం నచ్చుతుందో నన్ను అడగవా?"

"ఏం నచ్చుతది?"

"ముందు ఇవి గట్టిపడనీ."

బిళ్ళల్ని స్టీలు డబ్బాలో పెట్టి ఐసు మధ్య దించారు. గంటలో అవి మళ్ళీ గట్టిపడ్డాయి. బటర్ పేపర్లో చుట్టి, సంచిలో సర్ది, పాపమ్మను తన బండి మీదే కంపెనీ గేటు దాకా దింపి వచ్చాడు.

సాయంత్రం పాపమ్మ ఖాళీ సంచితో తిరిగొచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బాయి.

"అందరు వట్టుకొని ఏడిసిన్రు బిడ్డా. పక్కపొంటి కొత్తగొచ్చిన పిల్లలుంటే, మిగిలినయి గూడ ఇచ్చేసిన."

"నీకు?"

"నాకెందుకే?"

"ఒకటి నేను దాచాను ఆంటీ," అన్నాడు గుమ్మంలో రిషి. వేడినీళ్ళ టబ్బు తెచ్చి, ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, వాచిన పాదాలను మెల్లగా నీళ్ళలో పెట్టాడు. బిళ్ళ కరిగి నీళ్ళు పాలరంగుకు తిరిగాయి.

పాపమ్మ కాళ్ళు వెనక్కి లాక్కోబోయింది. "అయ్యో, ఓనర్ కొడుకువి! నా కాళ్ళు వట్టుకుంటవా?" తరువాత అతని ముఖంలోకి తేరిపార చూసింది. "నిజం చెప్పు. వట్టుకున్నది నా కోసమా, నా బిడ్డ కోసమా?"

"ఇద్దరి కోసం ఆంటీ."

"నువ్వేమంటవే?"

దోర్కా చేతిలో టవల్‌ను మడత మీద మడత పెట్టింది. "కోకో బటర్ తురుముడు గూడ రాదమ్మా ఈనకి. అయినా నాకిష్టమే."

గుమ్మం దగ్గర గాజులు గలగలలాడాయి. మంగతాయారు! ఎప్పుడొచ్చిందో, అంతా విన్నట్టే ఉంది. పాపమ్మ లేవబోయింది.

మంగతాయారు కొడుకు వంక చూడలేదు. నేరుగా దోర్కా దగ్గరికి వచ్చింది. "నిన్న నా మాట విన్నావట. వీడు చెప్పాడు. తప్పు మాటే అన్నాను. మనసులో పెట్టుకోకమ్మా."

దోర్కా తల అడ్డంగా ఊపింది.

మంగతాయారు ఇంకో కుర్చీ లాక్కుని పాపమ్మ పక్కన కూర్చుంది. చీర కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టుకుంది. ముప్పై ఏళ్ళు బడిలో నిలబడి పాఠాలు చెప్పిన కాళ్ళు అవి.

"కొంచెం జరగండి వదినగారూ," అంది. "నా కాళ్ళక్కూడా చోటివ్వండి."