కొర్రమీను మీద ఐసు

ఏలూరు. 1956 జూన్. డాక్టర్ సోమసుందరం మైక్రోస్కోపు మీదికి వాలి ఉన్నాడు. కునుకు తీస్తున్నాడనుకున్నారు. దగ్గరికెళ్తే వీపులో గుండు.

"పన్నెండు గాజు స్లైడ్లున్న రేకు పెట్టెను విదేశీ ముఠా ఎత్తుకుపోయింది," అన్నాడు గూఢచారి శాఖ చీఫ్ కామేశం. "ఎలుక కాలేయంలో రెండొంతులు కోసేసినా పది రోజుల్లో మళ్లీ పెరుగుతుందటండీ. ముందు కణాలు ముద్దగా పుట్టుకొస్తాయి. తర్వాత వాటిలోకి కొత్త రక్తనాళాలు చొచ్చుకొస్తాయి. డాక్టరుగారు ఆ నాళాల్లోకి నల్ల ఇంకు ఎక్కించి చూపించారు."

"విదేశీ ముఠాకి ఎలుకల గొడవ ఎందుకండీ?" అన్నాడు ఏజెంట్ భీమరాజు.

"నాళాలను ఆపే మందూ ఆయనకి దొరికింది. ఫార్ములా ఆ పెట్టెలోనే ఉంది. నాళాలు రాకపోతే దెబ్బతిన్న కాలేయం కోలుకోదు. అంతకన్నా విషం ఏముంది?"

కామేశం కళ్లజోడు తుడుచుకున్నాడు. "ముఠాలో మనం పెట్టిన చంద్రకళ నుంచి వారంగా కబురు లేదు. ఆ పెట్టెతో ఆమే రైలెక్కితే, అటు ఫిరాయించినట్టే. కాల్చెయ్యండి."

కొల్లేటి లంకలో పుట్టిన ఆ పిల్లను ఈ పనిలోకి తెచ్చింది భీమరాజే.

మర్నాడు మధ్యాహ్నం, తాడేపల్లిగూడెం స్టేషన్. భీమరాజు పార్సిల్ గుమాస్తా వేషంలో ఉన్నాడు. జేబులో పెన్ను. పెన్నులో ఒకే ఒక్క గుండు.

కలకత్తా మెయిల్ ఆగింది. జార్జెట్ చీర, నల్లకళ్లద్దాలతో చంద్రకళ వచ్చింది. పక్కనే పొడుగాటి దొర. వెనక కూలీ నెత్తిన తడి గోనె కప్పిన గంప.

"ఏముందండీ ఇందులో?"

"కొర్రమీను," అంది చంద్రకళ. "త్వరగా ఎక్కించండి, ఐసు కరిగిపోతుంది."

ఆమె అతన్ని ఎరగనట్టే రైలుపెట్టె మెట్టెక్కింది. గంట మోగింది. భీమరాజు పెన్ను మూత తీశాడు. ఆమెకి గురిపెట్టాడు.

ఐసా?

అతనూ కొల్లేటివాడే. కొర్రమీను నీళ్ల డబ్బాలో ప్రాణంతో వెళ్తుంది. చచ్చినదాన్ని పక్కింటివాళ్లు కూడా కొనరు. ఆ సంగతి దొరకి తెలియదు. చంద్రకళకి తెలుసు.

గంపను ఒక్క తన్ను తన్నాడు. ఐసు, చేపలు, మధ్యలోంచి రేకు పెట్టె. దొర పిస్టల్ తీశాడు. చంద్రకళ హ్యాండ్‌బ్యాగ్ అతని మోచేతిని తాకింది. గుండు పైకప్పుకి తగిలింది. భీమరాజు పెన్ను పేలి దొర మణికట్టుకి తగిలింది.

భీమరాజు పెట్టె తెరిచి ఒక స్లైడు ఎండకి పట్టి చూశాడు. కొల్లేటిలోకి దిగే కాలువల్లా నల్లటి పాయలు.

"కాల్చేసేవాణ్ణి," అన్నాడు.

"తెలుసండీ. మూత తీశారుగా. వారంగా వాడు నీడలా వెంటే ఉన్నాడు, ఇంకెలా చెప్పను?"

ఆమె ప్లాట్‌ఫారం మీది చేపల వైపు దిగులుగా చూసింది.

"నేను గూఢచారినని తెలిసినా మా అమ్మ ఊరుకుంటుందేమో గానీ, కొర్రమీనుని ఐసులో పెట్టానని మాత్రం చెప్పకండేం!"