కోలుకున్న డ్రైవర్

బస్సు డిపోలో వర్క్‌షాపు దాటాక, పాత టైర్ల గుట్ట వెనకాల ఒక గది ఉండేది. డ్రైవర్ల విశ్రాంతి గది. చీకటి పడ్డాక అటువైపు కాలు పెట్టే మొనగాడు లేడని చెప్పుకునేవారు.

ఎందుకంటే, ఆ గదిలో ఒక డ్రైవరు పోయాడు.

దూరపు రూటు నడిపి వచ్చి, బూట్లయినా విప్పకుండా మంచం మీద వాలాడట. కన్ను అంటుకుందో లేదో, డ్యూటీలు వేసే కంట్రోలరు వచ్చి భుజం తట్టాడు. "లేవరా. ఇంకో ట్రిప్పుంది. మనిషి తక్కువ." లేవలేదు. మళ్లీ తట్టాడు. లేవలేదు… ఇంకోసారి తట్టినప్పుడు గానీ ఆ భుజం చల్లదనం చేతికి తెలియలేదట.

గుండె ఆగిందని రాసుకున్నారు. ఆ గుండెని ఎవరు ఆపారో మాత్రం ఎవరూ రాసుకోలేదు.

దెయ్యం సంగతి ఆ తర్వాత మొదలైంది. ఆ గది గోడకి పెద్ద తెర ఒకటి ఉండేది. ఎవరికి ఏ బస్సో అందులో కనబడేది. దాని కింద బల్ల మీద కంప్యూటరు. రాత్రయ్యేసరికి తెర నిండా రంగురంగుల గీతలు లేచేవి. ఉన్నట్టుండి అంతా నల్లబడేది. ఆ నలుపులోంచి, ఆవరణలో ఉన్నవాళ్లంతా కిటికీ అద్దంలోంచి చూస్తుండగా, తెల్లటి అక్షరాలు తేలేవి —

డ్రైవర్ స్పందించడం మానేశారు.

కాసేపు ఏమీ ఉండేది కాదు. తర్వాత…

తిరిగి కోలుకున్నారు.

పగలు కూడా అదే వచ్చేదేమో. వెలుగులో దెయ్యాన్ని పట్టించుకునేదెవరు?

రిపేరుకి వచ్చినవాళ్లంతా చేతులెత్తేసి పోయారు. ఒకడు స్క్రూడ్రైవరు వదిలేసి మరీ పరుగెత్తాడట. ఈ మధ్య డిపోకి అదనంగా దొరికిన డ్రైవరు అదొక్కటేనని వాచ్‌మన్ తాత నవ్వేవాడు.

అలాంటి గదికి 'నినాదం' వచ్చింది.

కంప్యూటర్లు బాగుచేసే పిల్ల. అసలు పేరుతో ఎవరికీ పనిలేదు. ఏ మాటకైనా గోడ మీద రాతలాంటి జవాబు చెబుతుందని ఆ పేరు పెట్టారు. "నీకు కూరలో ఉప్పు తక్కువైనా ఊరేగింపు తియ్యాలే" అనేదట వాళ్లమ్మ. పనిచేసే దుకాణం మూతపడ్డాక ఆమెకి దొరికిన పని ఇదొక్కటే.

"తెల్లారేసరికి ఆ తెర సరిగ్గా నడవాలమ్మా," అన్నాడు కంట్రోలరు. "నడిస్తే డిపోలో కంప్యూటర్ల పనంతా నీదే. నడవకపోతే మళ్లీ ఈ గేటు దగ్గర కనబడకు."

"మీరు కూడా రండి సార్. ఒకసారి చూపించి వెళ్దురుగాని."

"నువ్వు పద… నాకిక్కడ పనుంది." ఆయన బల్ల మీద పనేమీ లేదు.

గేటు దగ్గర వాచ్‌మన్ తాత ఆమె చేతిపెట్టె వంక చూశాడు. "అది ఇక్కడ పెట్టి వెళ్లు తల్లీ. రేపు మీవాళ్లకి ఇవ్వడానికి ఏదో ఒకటి ఉండాలి గదా."

"దెయ్యాలకి భయపడే జనాన్ని దొరలు తోలుకుపోతారు తాతా."

"దొరలకి భయపడితేనో?"

"అప్పుడు జనమే దెయ్యాలైపోతారు."

"పో పో. నీ నోటికి ఆ దెయ్యమే జడుసుకోవాలి."

గది తలుపు తాళం వేసి లేదు. స్విచ్చి నొక్కితే దీపం వెలగలేదు. టార్చి ఎత్తి చూస్తే, హోల్డరులో బల్బే లేదు. డీజిలూ చెమటా కలిసిన వాసన. వరసగా ఇనుప మంచాలు — వాటి అవతలి కొస గోడదాకా చీకటి. ఒక్కో పరుపు మీదా మనిషి ఒంటి పల్లం అలాగే ఉంది.

ఆమె బల్ల ముందు కూర్చుంది. వెనక్కి తిరిగి చూడకూడదనుకుంది. భయపడి కాదు… చూస్తే భయపడినట్టు ఒప్పుకున్నట్టు అవుతుందని.

కంప్యూటరు ఆపింది. పెట్టె విప్పాలంటే ఆపాలి కదా. ఫ్యాను గిర్రుమని తిరిగి తిరిగి నిలిచిపోయింది.

ఫ్యాను చప్పుడు ఆగిపోయింది.

ఇంకో చప్పుడు ఆగలేదు.

ఊపిరి… బరువుగా, నిదానంగా, మంచాల అవతల నుంచి. ఒకటి పైకి లేస్తే ఇంకొకటి దిగుతున్నట్టు.

అయినా ఆమె స్క్రూలు విప్పడం మానలేదు. 'ఊపిరి తీసేది ఏదైనా సరే, దానికీ నాకూ చుట్టరికమే. ఊపిరి తియ్యనివాళ్లతోనే నాకు పేచీ' అనుకుంది. ఇంట్లో అయితే ఈ మాటకి వాళ్లమ్మ గరిటె విసిరేది.

పెట్టె లోపల దుమ్ము కింద గ్రాఫిక్స్ కార్డు కనబడింది. తెర మీద బొమ్మ గీసే పని దానిది. దాని మీద మెరిసే స్టిక్కరు. స్టిక్కరు మీద ఖరీదైన కొత్త మోడల్ పేరు. కార్డుని నడిపించే చిన్న ప్రోగ్రామును కూడా డ్రైవర్ అనే అంటారు. కార్డుకి తగిన డ్రైవర్ పడకపోతే బొమ్మ చెదురుతుంది, ఆగుతుంది, మళ్లీ లేస్తుంది. ముందు వచ్చినవాళ్లంతా స్టిక్కరు చదివి, ఆ పేరున్న డ్రైవర్ వేసి వెళ్లారు.

ఆమె స్టిక్కరుని నమ్మే రకం కాదు. పై పూత చెప్పేదాన్ని నమ్మితే లోకం ఎప్పుడో బాగుపడి ఉండేది.

కంప్యూటరు మళ్లీ వెలిగించింది. లోపలి భాగాల జాబితా తెరిచి, కార్డు వివరాల్లోకి వెళ్లింది. అక్కడ పేర్లు ఉండవు. తయారుచేసిన కంపెనీకి ఒక కోడు, చిప్పుకి ఒక కోడు. స్టిక్కరు మార్చినంత సులువుగా వాటిని మార్చలేరు. ఆ కోడ్లు ఫోనులో కొట్టి వెతికింది.

అనుకున్నట్టే అయింది. లోపలున్నది ఏళ్లనాటి పాత చిప్పు. దాని నెత్తిన కొత్త పేరు అంటించి ఎవడో డిపోకి అమ్మేశాడు. మొయ్యలేని పని మోయించారు. పడిపోతే లేపారు, లేస్తే మళ్లీ మోయించారు.

మరి ఆ అక్షరాలు? ఆ మాటల్ని తెలుగులోకి దించిన మహానుభావుడెవరో, డ్రైవర్ అనగానే స్టీరింగు పట్టిన మనిషే గుర్తొచ్చి ఉంటాడు. 'ఆగిపోయింది' అనాల్సిన చోట మర్యాదగా 'మానేశారు, కోలుకున్నారు' అని రాసిపెట్టాడు. అంతే దెయ్యం. ఆమెకి నవ్వు రాబోయి, కోపమైపోయింది. బతికున్నన్నాళ్లూ ఆ మనిషిని 'లేవరా' అన్నారు. చచ్చాక మర్యాద ఇచ్చింది ఈ యంత్రమొక్కటే.

పాత చిప్పుకి తగిన డ్రైవర్ ఫోనులోంచి పెన్‌డ్రైవులోకి, అందులోంచి కంప్యూటరులోకి వచ్చింది. ఇక ఒక్క నొక్కు. ఆమె వేలు మౌసు మీద ఉంది —

తెర నల్లబడింది.

డ్రైవర్ స్పందించడం మానేశారు.

సరిగ్గా ఆమె వీపు వెనక, చీకట్లోంచి, ఎవరో గుసగుసగా అన్నారు —

"వద్దు తల్లీ…"

ఆమె లేచి నిలబడింది. "ఎవరైనా సరే, వెలుగులోకి వచ్చి మాట్లాడండి. చీకట్లోంచి చెప్పే మాట నేను వినను."

మంచాల అవతల నేల మీద ఏదో కదిలింది. దుప్పటి ఒకటి నిలువునా లేచింది. తెర మళ్లీ వెలిగింది. ఆ వెలుగులో… నెరిసిన మీసం, కళ్ల కింద నల్లటి సంచులు, ఖాకీ చొక్కా.

"మెల్లిగా. మావాళ్లు ఇప్పుడే పడుకున్నారు," అన్నాడు ముసలి డ్రైవరు.

ఆమె టార్చి వంచింది. మంచాలకీ గోడకీ మధ్య ఇరుకు సందులో, కిటికీలోంచి ఎవరికీ కనబడకుండా, మనుషులు ఒకరి పక్కన ఒకరు కట్టెల్లా పడి నిద్రపోతున్నారు. బల్బు ముసలాయన జేబులో ఉంది.

"దెయ్యం మీరేనా?"

"మేం కాదమ్మా, ఆ కంప్యూటరు పెట్టే. మేం దానికి పూజారులం." ఆయన మంచం కోడు పట్టుకుని కూర్చున్నాడు. "ఆ అబ్బాయి పోయినప్పటినుంచి కంట్రోలరు ఈ గడప తొక్కడు. ఆయన తొక్కనంతకాలమే మాకు నిద్ర. ఇక్కడ తప్ప ఎక్కడ పడుకున్నా లేపి మళ్లీ తోలమంటాడు. కునుకు పట్టి బస్సు ఎక్కడికి పోనిస్తామో మాకే తెలియదు. అందుకే దెయ్యం ఉందని ఊరంతా మేమే చాటాం. నువ్వు దాన్ని వదిలించావనుకో —"

"అబద్ధం మీద ఎన్నాళ్లు పడుకుంటారు పెద్దాయనా? అడగాలి. అందరూ కలిసి నిలబడి అడగాలి."

"నిలబడాలంటే ముందు కాసేపు పడుకోవాలి గదమ్మా."

దానికి జవాబు చదివిన పుస్తకాలన్నింటిలోనూ మనసులోనే వెతికింది. ఎక్కడా లేదు.

బయట చెప్పుల చప్పుడు… టైర్ల గుట్ట దాటింది… గుమ్మం ముందు ఆగింది. ముసలాయన దుప్పటితో సహా చీకట్లో కలిసిపోయాడు.

"ఏమ్మా… అయిందా?" కంట్రోలరు గొంతు. గుసగుస కంటే చిన్నగా.

ఆమె పెన్‌డ్రైవు పీకి జేబులో వేసుకుంది. వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"కార్డు ఏదో తెలిసింది సార్."

"మరి?"

"డ్రైవరే దొరకలేదు."

"అది తర్వాత చూద్దాం. మొదటి బస్సుకి మనిషి రాలేదు. లోపల మావాళ్లెవరైనా ఉన్నారేమో అని… ఒక్క డ్రైవరు కావాలి."

"నేను చెప్పిందీ అదే సార్. దొరకలేదు."

లోపల ఎవరో చిన్నగా గురక పెట్టారు. కంట్రోలరు టార్చిని రెండు చేతులతో పట్టుకున్నాడు. "ఏమిటా చప్పుడు?"

"మీరే వచ్చి చూసుకోండి. పక్కకి తప్పుకుంటాను."

ఆమె నిజంగానే ఒక అడుగు తప్పుకుంది. తెర నల్లబడింది. తెల్లటి అక్షరాల వెలుగు ఆయన ముఖం మీద పడింది. ఆయన కళ్లు ఆ వరసని చదివాయి. ఒక కాలు లేచింది… గడప మీద ఆగింది… వెనక్కి పోయింది.

"రేపటినుంచి నీకిక్కడ పని లేదు," అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

"తెలుసు సార్. నిద్రపోతున్న డ్రైవర్ని లేపకూడదని మీరు గోడ మీద రాయించిన రోజున కబురు పెట్టండి. డబ్బు తీసుకోకుండా వచ్చి ఈ దెయ్యాన్ని వదిలిస్తాను."

ఆయన చెప్పుల చప్పుడు దూరమైంది. ఆమె గడప మీదే కూలబడింది. అప్పుడు గానీ ఏడుపూ నవ్వూ కలిసి రాలేదు.

మొదటి బస్సు వేళకే బయల్దేరింది. గేటు తీసిన వాచ్‌మన్ తాత లోపలికి తొంగి చూసి, నోటికి కండువా అడ్డం పెట్టుకున్నాడట. స్టీరింగు పట్టుకుని కూర్చున్నది కంట్రోలరే. కుర్చీ ఎక్కకముందు ఆయనా డ్రైవరే మరి.

హారను రెండుసార్లు మోగింది.

విశ్రాంతి గదిలో ఎవరూ లేవలేదు.