పన్నెండో కీ దాకా ఆగినవాడు

"ఏటండీ ఇది! నా మౌసు లాక్కున్నారేటి?" రాజశ్రీ కుర్చీలోంచి లేచిపోయింది.

బిలాస్‌పూర్ రైల్వే ఆఫీసులో ఆమెకది మొదటి రోజు. పక్క సీటు వేణుగోపాల్ మౌసు వైరు పీకి తన సొరుగులో పడేశాడు.

"ఎక్సెల్‌కి మౌసెందుకండీ? పైన ఎఫ్ కీలున్నాయి కదా. ఎఫ్ టూ నొక్కండి, సరాసరి సెల్లోకి దిగిపోతారు."

నొక్కింది. "అచ్ఛా!" అంటూ కళ్లింత చేసుకుంది. ఆ కళ్లు చూశాక వేణు పనైపోయింది.

మర్నాటి నుంచి రోజుకో కీ. ఎఫ్ ఫోర్ కొడితే ఇందాక చేసిన పనే మళ్లీ జరుగుతుందని చెప్పడానికి అతనికి పూటంతా పట్టింది. బయట వాన దంచుతుంటే ఎఫ్ ఫైవ్ పాఠం. ఆమె తప్పు కీ నొక్కేది. అతను విసుక్కున్నట్టు నటిస్తూ కుర్చీ దగ్గరికి జరుపుకునేవాడు. ఎఫ్ ట్వెల్వ్ నేర్పే రోజున మనసులో మాట చెప్పేయాలని ముహూర్తం పెట్టుకున్నాడు మహానుభావుడు. అంతదాకా ఆగమని అతన్నెవరూ అడగలేదు.

ఎఫ్ టెన్ దగ్గరుండగా, ఒక ఆదివారం బుధవారీ అనే బజార్లో వేణు తన తల్లి మంగాయమ్మతో కూరలు కొంటుంటే రాజశ్రీ ఎదురైంది.

"ఎవులురా ఈ పిల్ల? సక్కగుంది," అంది మంగాయమ్మ.

అమ్మ ముందు దొరికిపోయానని వేణు కంగారుపడ్డాడు. "ఏటీ లేదమ్మా. ఆఫీసులో కొత్తమ్మాయి. పని రాదు, నేర్పుతున్నాను. అంతే."

రాజశ్రీ నవ్వింది. సంచి చెయ్యి మార్చుకుని, "నమస్తే ఆంటీ" అని వెళ్లిపోయింది.

ఆ తర్వాత పాఠాలు లేవు. ఎప్పుడు పిలిచినా పనుందండీ అనేది. నెల తిరక్కుండా స్వీట్ల డబ్బాతో వచ్చింది. రాయ్‌పూర్ సంబంధం ఖాయమైందట, ఉద్యోగం మానేస్తోందట.

చివరి రోజు తన పని అతనికి అప్పగించడానికి కీబోర్డు ముందు కూర్చుంది. వేళ్లు పరుగెత్తాయి. ఎఫ్ ఎలెవెన్ కొట్టింది, అంకెలన్నీ గ్రాఫుగా లేచి నిలబడ్డాయి. ఎఫ్ ట్వెల్వ్ కొట్టి దాన్ని వేరే పేరుతో సేవ్ చేసింది.

"ఇవి నేను నేర్పలేదే!"

"బోద్రీ ఊళ్లో ఒక వకీలుగారి దగ్గర రెండేళ్లు ఇదే పని చేశాను వేణుగారూ. అన్నీ వచ్చు."

"మరి నా దగ్గర..."

"మీరొచ్చి పక్కన కూర్చుంటారని. బజార్లో మీ అమ్మగారు అడిగినప్పుడు ఒక్క మాట అంటారనుకున్నాను. పని రాదన్నారు. ఆ సాయంత్రమే మా నాన్నకి సరే అనీసాను."

వేణుకి ఏడుపొచ్చినంత పనైంది. "రాజశ్రీ, ఇప్పుడు చెప్పనా?"

"వద్దండీ. ఇప్పుడు చెప్తే నేను రాయ్‌పూర్ వెళ్లలేను."

వేణు బుద్ధిగా తల ఊపాడు. ఆమె గుమ్మం దాకా మెల్లగా నడిచింది, ఒకసారి ఆగింది కూడా. అతను అప్పుడూ నోరు విప్పలేదు.