గరాటు అవతల

ల్యాబ్‌లో వాసన చూడడం పిట్ట పని, రాసుకోవడం లంబూ పని. ఇద్దరూ ఎమ్మెస్సీ ఆఖరి ఏడాది జోడీ. ఆమెది పిట్టంత ఒళ్లు, ఇంట్లోనూ క్లాసులోనూ అదే పేరు. అతని తలకి గుమ్మాలన్నీ తగిలేవి కాబట్టి లంబూ అయ్యాడు.

క్రొమటోగ్రాఫ్ అనే ఆ యంత్రంలోకి సిరంజితో కాస్త ఆవిరి ఎక్కిస్తే, వెంట్రుకంత సన్నటి గొట్టంలో దేనికది విడిపోయి ఒక్కో వాసనా వేరుగా బయటికొస్తుంది. చివర గాజు గరాటు. అందులోంచి గోరువెచ్చని తడిగాలి ఎప్పుడూ మొహానికి తగులుతూనే ఉంటుంది. ముక్కు ఆనించి, వచ్చినదాని పేరు చెప్పాలి. "నిమ్మతొక్క... తడిమట్టి..." పిట్ట ముక్కుకి తిరుగులేదని ల్యాబ్ మేడమ్ కూడా ఒప్పుకునేది.

అమ్మ పోయి నెల కాలేదు. పిట్ట ఏడవలేదు. అన్నం పెడితే తినేది, పెట్టకపోతే అడిగేది కాదు.

ఆ మధ్యాహ్నం వాన. మిగతావాళ్లు క్యాంటీన్‌కి పోగానే సంచిలోంచి మూత బిగించిన సీసా తీసింది. లోపల ఉన్ని శాలువా ముక్క.

"ఎవరిదే?"

"అమ్మది."

"మేడమ్ చూసిందంటే ఇద్దరి తోలూ ఒలుస్తుంది" అంటూనే లంబూ తలుపు దగ్గరికి వేసి, సీసాలోని ఆవిరిని సిరంజితో ఎక్కించాడు. పిట్ట గరాటుకి ముక్కు ఆనించింది.

సబ్బు వచ్చింది. మందులు. ఉన్ని. చివర్న పేరు పెట్టలేనిది ఒకటి... అమ్మ మెడ ఒంపులో ఉండేది. పిట్ట గుండెల నిండా పీల్చింది. లోపల ఏదైనా కదులుతుందేమోనని చూసుకుంది. కదల్లేదు.

"ఇప్పుడు ఉత్త గాలి ఎక్కించు. గొట్టం శుభ్రపడాలి."

ఉత్త గాలికి ఏ వాసనా రాకూడదు. యంత్రం తెర మీద గీత కూడా చదునుగానే పోతోంది. కానీ అమ్మ వచ్చేసింది. సబ్బు లేదు, మందులు లేవు. రావలసిన వేళకి ముందే, ఒక్కతే.

"లంబూ..." అంది, ముక్కు తియ్యకుండానే.

గరాటులోంచి వచ్చే గాలి ఆగింది. యంత్రం హోరు ఆగలేదు. గాలి మాత్రమే. తర్వాత, చెంప మీదున్న వెంట్రుక మెల్లగా లేచి గాజులోకి వంగింది.

అవతల ఎవరో పీలుస్తున్నారు.

పసిబిడ్డ మాడు మీద ముక్కు పెట్టి పీల్చినట్టు... నెమ్మదిగా. లోతుగా. ఊపిరి వదలకుండా. పిట్ట తల వెనక్కి తీసుకోవచ్చు. తీసుకోవాలనిపించలేదు. ఊరికే అలా ఉండిపోయింది.

లంబూ భుజం పట్టి లాగేశాడు. "ఏమైందే? మొహంలో నెత్తురు చుక్క లేదు!"

"నువ్వు చూడు."

అతను వంగాడు. గాలి మళ్లీ మామూలుగా బయటికే వస్తోంది. పీల్చి, అయోమయంగా తలెత్తాడు.

"ఇది నీ వాసనే. నువ్వు పక్కన కూర్చుంటే వస్తుందే, అదే."

అని ఆమె భుజం దగ్గర ముక్కు పెట్టాడు. నవ్వబోయిన మొహం అలాగే బిగుసుకుపోయింది.

"నీ దగ్గర... ఏమీ లేదే."

"పొద్దున స్నానం చేశాగా" అంది పిట్ట.

లంబూ నవ్వలేదు. యంత్రం కట్టేసి, ఇంటిదాకా తోడొస్తానన్నాడు. వద్దంది. వానలో నడిచింది. వీధి మలుపులో ఎవరొచ్చినా మీదపడే కుక్క తల కూడా ఎత్తలేదు.

ఇంట్లో ఇక మిగిలింది అమ్మమ్మ ఒక్కతే. ఆవిడకి చూపు ఎప్పుడో పోయింది. మనవరాలు గుమ్మం దాటగానే తల దగ్గరికి లాక్కుని వాసన చూసుకోవడం అలవాటు. ఆ సాయంత్రమూ లాక్కుంది. పీల్చింది. మళ్లీ పీల్చింది. చేతులు మెల్లగా వదిలేసింది.

"ఎవరమ్మా నువ్వు?"

"నేనే, అమ్మమ్మా."

ఆ గొంతు విన్నా ముసలావిడ మొహం విచ్చుకోలేదు. లోపలి గది వైపు తిరిగి కేకేసింది.

"పిట్టా! ఎవరో వచ్చారు, చూడవే."

లోపల మంచం కిర్రుమంది. ఎవరో నిదానంగా చెప్పులు వెతుక్కుంటున్న చప్పుడు...